తొమ్మిదో తరగతిలో రోమియో అండ్ జూలియట్ ఇంకా అవసరమా? హైస్కూలు ఇంగ్లీషులో పాత నాటకాల గురించి

న్యూజెర్సీ అమ్మ:

మా అమ్మాయి నైన్త్ గ్రేడ్. ఇంగ్లీషు క్లాసులో రోమియో అండ్ జూలియట్ నడుస్తోంది. ఆరు వారాల యూనిట్, ఇప్పటికి మూడు వారాలైంది, మా ఇద్దరికీ తల ప్రాణం తోకకొచ్చింది. ఇక్కడ టీచర్లున్నారు, పెద్ద పిల్లలున్నవాళ్లున్నారు కాబట్టి అడుగుతున్నాను, మనసులో ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

మొన్న రాత్రి పదకొండింటికి డైనింగ్ టేబుల్ దగ్గర జరిగింది ఇది. పుస్తకం ఫోల్జర్ వాళ్లది, కుడి పేజీలో నాటకం, ఎడమ పేజీలో అర్థాలు. పిల్ల ఒక లైను చదువుతుంది, ఎడమకి తిరిగి అర్థం చూసుకుంటుంది, మళ్లీ కుడికి వచ్చేసరికి ఎక్కడ ఆగిందో మర్చిపోతుంది, వేలు పెట్టుకుని మళ్లీ పైనుంచి వెతుక్కుంటుంది. నాలుగు పేజీలకి గంటా పది నిమిషాలు పట్టింది. ఆ తర్వాత వర్క్‌షీట్, ఇరవై రెండు ప్రశ్నలు, ఈ మాట ఎవరు ఎవరితో అన్నారు, ఈ లైనులో అలంకారం ఏమిటి, ఇలాంటివి. పదమూడో ప్రశ్న దగ్గర పెన్సిల్ పక్కన పెట్టేసి, "అమ్మా, ఈ ఇంగ్లీషు ఇప్పుడు ఎవరూ మాట్లాడరు కదా, నేనెందుకు నేర్చుకోవాలి?" అంది. నాకు జవాబు తోచలేదు. నేను పదో తరగతి వరకు తెలుగు మీడియం, తర్వాత ఇంజనీరింగ్. నాకు షేక్‌స్పియర్ అంటే గైడు చూసి బట్టీ పట్టి రాసిన ఒక పాఠం, అంతే.

ఇంకో సంగతి కూడా నన్ను కుదురుగా ఉండనివ్వడం లేదు. జూలియట్‌కి పద్నాలుగు కూడా నిండలేదు, అంటే మా అమ్మాయి వయసే. చివరికి ఇద్దరూ ప్రాణాలు తీసుకుంటారు. ఈ వయసు పిల్లలు ఏ మాటకి ఎంత కుంగిపోతున్నారో రోజూ చూస్తున్నాం. వాళ్ల చేతికి ఈ కథే ఇవ్వాలా?

వీటికి బదులు ఇప్పటి నాటకాలో, ఇప్పటి కథలో పెడితే పోయేదేముంది? తప్పకుండా చదవాలని రూలు ఏమైనా ఉందా? మీ పిల్లలు ఎలా గట్టెక్కారు?

రూమ్ 214:

నేను ఇల్లినాయ్‌లో ఒక పబ్లిక్ హైస్కూల్లో పదకొండేళ్లుగా ఇంగ్లీషు చెప్తున్నాను, నైన్త్, లెవెన్త్ రెండూ. ఐదో క్లాసు దాకా విజయవాడలో చదివాను, కాబట్టి ఆ ఎడమ పేజీ కుడి పేజీ కష్టం నేనూ పడ్డదే.

ముందు రూలు సంగతి. ఏ గ్రేడ్‌లో ఏం నేర్పాలో చెప్పే కామన్ కోర్ ప్రమాణాలు 2010లో వచ్చాయి, వాటిల్లో లెవెన్త్, ట్వెల్త్ గ్రేడ్ల దగ్గర ఒక మాట ఉంది, కనీసం ఒక షేక్‌స్పియర్ నాటకం, ఒక అమెరికన్ రచయిత నాటకం ఉండాలని. నైన్త్‌లో రోమియో అండ్ జూలియట్టే చెప్పాలని అందులో లేదు. అది డిస్ట్రిక్టులు పెట్టుకున్నది, చాలాచోట్ల వట్టి అలవాటు. ఆ అలవాటు వెనక తల్లిదండ్రులకి కనపడని కారణం ఒకటుంది, బుక్ రూమ్. అరల నిండా ఒక్కో పుస్తకం ముప్పై, అరవై, తొంభై కాపీలు పేర్చి ఉంటాయి. కొత్త నాటకం పెట్టాలంటే క్లాసు మొత్తానికీ కొనాలి, దానికి డబ్బు కావాలి, బోర్డు ఒప్పుకోవాలి. ఉన్నదే చెప్తే ఏ గొడవా ఉండదు. మా జూలియస్ సీజర్ కాపీ ఒకదానిలో అట్ట లోపల పిల్లలు పేర్లు రాసే కాగితం ఉంటుంది, అందులో మొట్టమొదటి పేరు పక్కన 1987 అని ఉంది. ఆ పిల్లాడికి ఇప్పుడు యాభై దాటి ఉంటాయి. చాలా స్కూళ్లలో సిలబస్‌ను నడిపేది ఆ అరలే, నాకు బాధ కలిగించేది కూడా అదే.

అయినా రోమియో అండ్ జూలియట్ తీసేయాలని నేననను. వర్క్‌షీట్ తీసేయాలంటాను.

ఒక్క లైను చూడండి. ‘వేర్‌ఫోర్ ఆర్ట్ థౌ రోమియో’ అనగానే పిల్లలందరూ కంటికి చెయ్యి అడ్డం పెట్టి దూరంగా వెతుకుతున్నట్టు చేస్తారు. రోమియో, ఎక్కడున్నావు అని అడుగుతోందనుకుంటారు. వేర్‌ఫోర్ అంటే ఎక్కడ అని కాదు, ఎందుకు అని. ‘రోమియో, నువ్వు రోమియోవే ఎందుకయ్యావు?’ అంటోంది, అంటే నువ్వు మా పగవాళ్ల ఇంట్లోనే ఎందుకు పుట్టావు, ఆ పేరు వదిలేయలేవా అని. రెండేళ్ల కిందట ఇది చెప్పినప్పుడు వెనక బెంచీలో కూర్చునే ఒక తెలుగు అమ్మాయి క్లాసయ్యాక నా దగ్గరికొచ్చి, మా అక్క పెళ్లప్పుడు ఇంట్లో అచ్చం ఇదే జరిగింది మిస్, అబ్బాయి మంచివాడే, ఇంటిపేరు తెలియగానే నాన్న అన్నం మానేశారు అని చెప్పింది. ఆ పిల్ల అప్పటిదాకా క్లాసులో నోరు విప్పలేదు. ఆ రోజు నుంచి జూలియట్ మాటలు తనే చదువుతానని ముందుకొచ్చేది.

మీ భయం గురించి. అది నిజమైన భయం, నేను తేలిగ్గా తీసుకోను. యూనిట్ మొదలయ్యే ముందు కౌన్సెలర్‌ని క్లాసుకి పిలుస్తాను, బోర్డు మీద ఒక మూల ఆత్మహత్య ఆలోచనలొచ్చినవాళ్లు ఫోన్ చేసే హెల్ప్‌లైన్, 988 నంబరు రాసి ఉంటుంది, యూనిట్ అయ్యేదాకా ఎవరినీ చెరపనివ్వను. మీ స్కూల్లో ఏం చేస్తున్నారో టీచర్‌కి మెయిల్ పెట్టి అడగండి, అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు. ఇక నాటకం విషయానికొస్తే, దీన్ని గొప్ప ప్రేమకథ అని చెప్పే టీచర్లంటే నాకు కోపం. మూడో అంకం ఐదో రంగం తీయండి. మొదట్లో తండ్రి, పిల్ల చిన్నది, ఇంకో రెండేళ్లు ఆగుదాం అన్నవాడే. ఇప్పుడు, కూతురికి రోమియోతో రహస్యంగా పెళ్లయిపోయిందని తెలియక, గురువారం పారిస్ అనే ఆయనతో పెళ్లి, ఒప్పుకోకపోతే అడుక్కుతిను, వీధిలో పడి చావు అంటాడు. తల్లి, నాతో మాట్లాడకు, నీ ఇష్టం వచ్చినట్టు చేసుకో అని వెళ్లిపోతుంది. పాలిచ్చి పెంచిన దాది మిగిలింది, ఆవిడ కూడా ఆ రెండోవాణ్ణే చేసుకో అంటుంది. ఒక్క రంగంలో, కొద్ది నిమిషాల్లో, ఆ పిల్లకి ఇంట్లో ఉన్న పెద్దవాళ్లందరి తలుపులూ మూసుకుపోయాయి. ఈ రంగం అయ్యాక పిల్లల్ని నేనడిగేది ఒకటే, ఈ ముగ్గురిలో ఎవరు ఏ మాట మార్చి ఉంటే ఆ పిల్ల బతికేది? నలభై నిమిషాలు చాలవు. షేక్‌స్పియర్‌కి ఆధారమైన పాత కావ్యం ఒకటుంది, 1562 నాటిది, అందులో జూలియట్‌కి పదహారేళ్లు దగ్గరపడతాయి. ఈయన కావాలనే పదమూడుకి తగ్గించాడు. ఎంత చిన్న పిల్లో మనకి ఎప్పుడూ గుర్తుండాలని తగ్గించాడని నా నమ్మకం.

నేను మొత్తం చదివించను. నాలుగు వారాలు, ఎంచుకున్న పది రంగాలు, మిగతాది కథ చెప్పేస్తాను. బెంచీలు గోడకి నెట్టేసి నిలబడి చదువుతాం. మొదటిసారి చదివేటప్పుడు ఎడమ పేజీ మీద కాగితం కప్పేయమంటాను.

ఆస్టిన్ తండ్రి:

టీచర్ గారు చెప్పింది బాగుంది కానీ పిల్లలకి టైమ్ ఎక్కడిది? 2024 నుంచి కాలేజీ అడ్మిషన్ పరీక్ష శాట్ డిజిటల్ అయింది, రీడింగులో ఒక్కో పేరా 25 నుంచి 150 మాటలే, ఒక పేరాకి ఒక ప్రశ్న. పరీక్ష అలా ఉంటే ఐదంకాల నాటకం మీద ఆరు వారాలు ఎందుకు? మంచి వ్యాసాలు, వార్తలు చదివించండి, తేటగా ఒక ఈమెయిల్ రాయడం నేర్పండి. మా ఆఫీసులో కొత్తగా చేరే పిల్లలకి అదే రావడం లేదు, నేను రోజూ సరిదిద్దుతున్నాను.

జూనియర్ ఇయర్:

ఆంటీ, నేను కాలేజీలో థర్డ్ ఇయర్, హైస్కూలు టెక్సస్‌లో. నాలుగేళ్లలో రోమియో అండ్ జూలియట్, జూలియస్ సీజర్, ద క్రూసిబుల్, హామ్లెట్ అయ్యాయి. చెప్పకూడదు కానీ షేక్‌స్పియర్ మూడింటిలో ఒక్కటీ నేను నిజంగా చదవలేదు. స్పార్క్‌నోట్స్ అని గైడు లాంటి వెబ్‌సైట్ ఉంది, అందులో పక్కన మామూలు ఇంగ్లీషు ఉంటుంది, అది చదివి వ్యాసం రాసేవాడిని, ఎ గ్రేడు వచ్చేది. మా క్లాసులో ముప్పావు మంది అంతే. ఇప్పుడు మా తమ్ముడు అది కూడా చదవడం లేదు, చాట్‌జీపీటీని అడిగేస్తున్నాడు. పిల్లలు చదవకుండానే మార్కులు తెచ్చుకునే పాఠం ఉందంటే అందరం కలిసి నటిస్తున్నట్టే కదా, టీచర్ చెప్పినట్టు, మేము చదివినట్టు. రూమ్ 214 గారి లాంటి క్లాసు నాకు దొరకలేదు, చాలామందికి దొరకదు. అలాంటి టీచర్ ఉంటేనే పనిచేసే పుస్తకాన్ని అందరి నెత్తినా ఎందుకు పెట్టాలి?

కానీ నాటకాలే వద్దని నేను అనను. లెవెన్త్‌లో మా టీచర్ ఎ రెయిజిన్ ఇన్ ద సన్ పెట్టింది, లొరెయిన్ హాన్స్‌బెర్రీ రాసింది, 1959లో బ్రాడ్‌వేకి వచ్చింది, బ్రాడ్‌వే మీద ఆడిన నల్లజాతి మహిళ నాటకాల్లో అదే మొదటిది. షికాగో సౌత్ సైడ్‌లో ఇరుకు ఇంట్లో ఒక కుటుంబం, తండ్రి పోయాక వచ్చిన పది వేల డాలర్ల ఇన్సూరెన్స్ చెక్కు, ఆ డబ్బుతో ఏం చేయాలో ఒక్కొక్కరికి ఒక్కో కల. తల్లి తెల్లవాళ్ల పేటలో ఇంటికి అడ్వాన్స్ కడుతుంది. అప్పుడు ఆ పేట సంఘం తరఫున లిండ్నర్ అనే ఆయన వస్తాడు. అరవడు, తిట్టడు. టోపీ చేతిలో పట్టుకుని, మెత్తగా, మీరు రాకుండా ఉంటే మీరు కట్టినదానికంటే ఎక్కువే ఇస్తాం, ఎవరి వాళ్ల మధ్య వాళ్లుంటేనే అందరికీ హాయి అంటాడు.

అది చదువుతున్నప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. నేను ఏడో క్లాసులో ఉండగా మా నాన్న ఇల్లు చూడ్డానికి వెళ్తే నన్నూ తీసుకెళ్లారు. చూపించినాయన చాలా మర్యాదస్తుడు, నాకు మంచినీళ్ల బాటిల్ కూడా ఇచ్చాడు. తిరిగొస్తుంటే, ఆ పక్క కాలనీలో మీ వాళ్లు చాలామంది ఉన్నారు, అక్కడైతే మీకే సుఖంగా ఉంటుంది అన్నాడు. నాన్న థాంక్స్ చెప్పి కారెక్కారు, ఇంటికొచ్చేదాకా మాట్లాడలేదు. ఆయనకి ఏమైందో నాకు నాలుగేళ్ల తర్వాత క్లాసులో అర్థమైంది. ఆ రాత్రి నాన్నకి ఫోన్‌లో ఆ రంగం మొత్తం చదివి వినిపించాను, ఆయన ఊళ్లో లేరు, హోటల్లో ఉన్నారు. చివరిదాకా విని, ఎవరు రాశారురా ఇది అని అడిగారు.

కాబట్టి నేను చెప్పేదేమిటంటే ఒక నాటకం తప్పకుండా ఉండాలి, అది ఏ నాటకమో క్లాసును చూసి టీచర్ నిర్ణయించాలి. షేక్‌స్పియర్ కావాలనుకున్నవాళ్లకి ఎలెక్టివ్‌గా పెట్టండి.

బర్మింగ్‌హామ్ నుంచి:

మీ అందరిదీ నయం. ఇంగ్లండ్‌లో ఆ ఎంపిక లేదు. పదహారేళ్లకి రాసే జీసీఎస్‌ఈ పరీక్షల్లో, ఇంగ్లీష్ లిటరేచర్‌లో షేక్‌స్పియర్ నాటకం ఒకటి తప్పనిసరి. మా వాడికి మాక్‌బెత్, దానితో పాటు ప్రీస్ట్‌లీ నాటకం యాన్ ఇన్‌స్పెక్టర్ కాల్స్. పైగా 2017 నుంచి పరీక్ష హాల్లోకి పుస్తకం తీసుకెళ్లనివ్వరు. షేక్‌స్పియర్ ప్రశ్నకి ఒక చిన్న భాగం ఇస్తారు, మిగతా నాటకమంతా తలలోంచే రావాలి.

దాంతో ఏమైందంటే చదువు కాస్తా కార్డుల ఆట అయింది. మా వాడి గది గోడ మీద పసుపు కాగితాలు, ఒక్కోదాని మీద మాక్‌బెత్ లైను ఒకటి, వెనక అలంకారం పేరు. ఏ ప్రశ్న వచ్చినా రాసే వాక్యం ఒకటి సిద్ధంగా పెట్టుకున్నాడు, 1605లో రాజు జేమ్స్‌ని చంపడానికి గన్‌పౌడర్ కుట్ర జరిగింది, ఆ తర్వాత వచ్చిన నాటకం కాబట్టి రాజహత్య ఘోరమని చూపించారు అని. నిజమే, కానీ వాడు దాన్ని ఎక్కాల్లాగా అప్పజెప్పేవాడు. గుంటూరులో నేను ఇంటర్ చదివినట్టే చదువుతున్నాడని భయమేసింది. మనం ఇన్ని వేల మైళ్లు వచ్చింది దీనికేనా అనిపించింది.

తర్వాత వాళ్ల స్కూలు హాలుకి చిన్న ట్రూప్ ఒకటి వచ్చింది, ఐదుగురే నటులు, సెట్టు లేదు, ఒక బల్ల, నాలుగు కుర్చీలు. తల్లిదండ్రుల్ని కూడా రమ్మంటే వెళ్లాను. విందు రంగం గుర్తుందా, మాక్‌బెత్ తన స్నేహితుడు బాంకోని చంపించి, అదే రాత్రి అతిథుల ముందు బాంకో కూడా ఉంటే బాగుండేది అంటాడు. చూస్తే తన కుర్చీలో చనిపోయిన బాంకో కూర్చుని ఉంటాడు. ఇంకెవరికీ కనపడడు. ఈ ట్రూప్ వాళ్లు ఆ కుర్చీని ఖాళీగా వదిలేశారు. నటుడు ఖాళీ కుర్చీ వైపు చూసి వెనక్కి నడిచాడు, నడిచి నడిచి మొదటి వరస పిల్లల కాళ్ల మీదకొచ్చాడు. రెండు వందల మంది పదిహేనేళ్ల పిల్లలు, ఒక్క ఫోన్ వెలగలేదు. ఇంటికొచ్చాక మా వాడు గోడ మీద కాగితాల్లోంచి ఒకటి తీసి, ‘నాన్నా, ఈ లైను ఆయన గట్టిగా అంటాడనుకున్నాను, గుసగుసగా అన్నాడు’ అన్నాడు. రెండేళ్లలో వాడు మార్కుల ఊసు లేకుండా ఆ నాటకం గురించి మాట్లాడడం అదే మొదలు. షేక్‌స్పియర్ పుట్టిన ఊరు స్ట్రాట్‌ఫర్డ్ మా ఇంటికి రైల్లో గంట లోపే, పద్నాలుగేళ్లుగా ఇక్కడున్నాం, ఒక్కసారీ వాణ్ణి తీసుకెళ్లలేదు. అది నా తప్పు.

తెనాలి మాస్టారు:

అమ్మా, నేను ముప్పై మూడేళ్లు డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు మా అమ్మాయి దగ్గరికి వచ్చి ఉన్నాను. మీ పాప అడిగిన ప్రశ్న, ఎవరూ మాట్లాడని భాష ఎందుకు అన్నది, దానికి నా చిన్ననాటి సంగతి ఒకటి చెప్తాను.

మా నాయనమ్మకి చదువు రాదు, వేలిముద్ర. కానీ తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాల పద్యాలు ముప్పై దాకా నోటికొచ్చు. ఊళ్లో నాటకం ఆడితే రాత్రి తొమ్మిదింటికి ముందు వరసలో చాప పరిచేది, నన్ను ఒళ్లో పడుకోబెట్టుకుని తెల్లవార్లూ చూసేది. ‘జెండాపై కపిరాజు’ పద్యంలో ‘సితవాజి శ్రేణి’ అని వస్తుంది. నేను హైస్కూల్లో తెలుగు మాస్టారి దగ్గర అర్థం నేర్చుకుని వచ్చి, నాయనమ్మా, సితవాజి అంటే ఏంటో తెలుసా అని పరీక్ష పెట్టాను. ‘తెల్ల గుర్రాలు. ఆ కృష్ణుడు వేషం వేసినాయన అక్కడికొచ్చేసరికి ఇట్టా పగ్గాలు పట్టుకుంటాడు గదరా’ అని రెండు చేతులూ ముందుకి చాపి చూపించింది. ఆ సంస్కృతం అప్పుడు ఊళ్లో ఎవరు మాట్లాడేవాళ్లు? ఎవరూ లేరు. అయినా రాగం తీసినప్పుడల్లా వన్స్ మోర్ అని అరిచింది చదువుకున్నవాళ్లు మాత్రమేనా? రిక్షావాళ్లు, కూలీలు, అందరూ అరిచారు. కష్టమైన మాట కంటికి కష్టం, చెవికి అంత కష్టం కాదు. మీ పాప నాలుగు పేజీలకి గంటంపావు కళ్లతో కష్టపడింది. పైకి చదివించండి.

ఇంకొకటి. తెలుగు పిల్లలకి షేక్‌స్పియర్ దగ్గర ఒక సౌకర్యం ఉంది, దాన్ని ఎవరూ వాడుకోవడం లేదు. థౌ, యూ. ఇప్పటి ఇంగ్లీషులో ఆ తేడా పోయింది, మనకి నువ్వు, మీరు ఇంకా ఉన్నాయి. మీ పాపని వెతకమనండి, జూలియట్ మొదటిసారి విందులో రోమియోని కలిసినప్పుడు ‘యూ’ అంటుంది, ఆ రాత్రే మేడ మీద నుంచి ‘థౌ’ అంటుంది. మీరు లోంచి నువ్వు లోకి ఎంతసేపట్లో వచ్చేసిందో చూడండి. అమెరికన్ పిల్లలకి ఇది నోట్స్‌లో రాసి ఇవ్వాలి, మీ పాపకి చెవికే తెలుస్తుంది.

హామ్లెట్‌లో ఇంకా బాగుంటుంది. భర్త చనిపోయిన కొద్ది వారాలకే మరిదిని పెళ్లాడిన తల్లి, కొడుకుని పిలిచి మందలిస్తుంది. ‘హామ్లెట్, నువ్వు మీ నాన్నని చాలా నొప్పించావు’ అంటుంది, థౌ. ఆవిడ ఉద్దేశంలో నాన్న అంటే కొత్త భర్త. కొడుకు, ‘అమ్మా, మీరు మా నాన్నని చాలా నొప్పించారు’ అంటాడు, యూ. వాడి ఉద్దేశంలో నాన్న అంటే పోయినవాడు. ఆ కాలంలో పెద్దింటి పిల్లలు తల్లిని యూ అనడం మర్యాదే, కానీ ఆ మర్యాదలో ఉన్న చురక చూడండి. తల్లికి అది తగిలింది, వెంటనే తర్వాతి మాటలో ఆవిడ కూడా థౌ వదిలేసి యూ అనేస్తుంది. మన అమ్మలు బాగా కోపమొస్తే కన్నబిడ్డని పట్టుకుని, ‘ఏంటండీ, ఎదురు మాట్లాడుతున్నారు’ అనరూ? అదే. మూడు లైన్లు, ముప్పై మూడేళ్లు చెప్పాను, ఒక్క బ్యాచ్‌కి కూడా విసుగు పుట్టలేదు.

కాలేజీ బాబు చెప్పిన నాటకం నేను చదవలేదు, రేపు లైబ్రరీకి వెళ్లి తెచ్చుకుంటాను. వాళ్ల నాన్నగారు విని అడిగిన మాట నా మనసులో నిలబడిపోయింది.

రూమ్ 214:

మాస్టారూ, ఆ మూడు లైన్లు సోమవారం నా క్లాసులో వాడుకుంటాను. ఇన్నేళ్లుగా చెప్తున్నాను, తల్లి మాట మార్చడం నేను గమనించనే లేదు.

ఆస్టిన్ తండ్రి గారికి, శాట్ పేరాల్లో కవిత్వం, నాటకం కూడా ఉంటాయండీ, పాతకాలపు ఇంగ్లీషు తగిలితే పిల్లలు ఆగిపోయేది అక్కడే. హైస్కూల్లోనే రాసే కాలేజీ స్థాయి పరీక్ష ఏపీ లిటరేచర్‌లో మూడో వ్యాసం ఒక నవల లేదా నాటకం పూర్తిగా తెలిస్తేనే రాయగలరు. కానీ నేను పరీక్ష కోసం వాదించదలుచుకోలేదు. ఈమెయిల్ రాయడం కూడా నేర్పాలి, మీరన్నది నిజం. వర్క్‌షీట్లకి పోయే వారాలు మిగిలితే దానికీ టైమ్ దొరుకుతుంది.

బాబూ, నీతో ఒక్కచోటే నా తేడా. ఎలెక్టివ్ అంటే ఎవరు తీసుకుంటారో నాకు తెలుసు, ఇంట్లో పుస్తకాలున్న పిల్లలు తీసుకుంటారు. వెనక బెంచీ అమ్మాయి తీసుకోదు. 2023లో ఫ్లోరిడాలో ఒక కౌంటీ, కొత్త చట్టం వచ్చాక, షేక్‌స్పియర్ నాటకాలు పూర్తిగా కాకుండా భాగాలే క్లాసులో పెట్టమని టీచర్లకి చెప్పింది, శృంగారం మాటలున్నాయని. నేనూ భాగాలే చెప్తాను కదా, తేడా ఏమిటని నన్ను నేనే అడుగుకున్నాను. నా కత్తిరింపులో దాది మోటు మాటలు పోవు, పిల్లలు నవ్వే చోట్లు పోవు. మిగతా పుస్తకం వాళ్ల చేతిలోనే ఉంటుంది, కావాలంటే చదువుకుంటారు.

న్యూజెర్సీ అమ్మ:

అందరికీ థాంక్స్. శనివారం జరిగింది చెప్పాలి.

టీచర్ గారు చెప్పినట్టు ఎడమ పేజీ మీద కాగితం పెట్టాం, మాస్టారు చెప్పినట్టు పైకి చదివాం. రెండో అంకం ఐదో రంగం. అమ్మాయి జూలియట్, నేను దాది. రోమియో ఏమన్నాడో తెలుసుకుని దాది తిరిగొస్తుంది, పిల్ల కబురు కోసం గిలగిల్లాడుతుంటే ఈవిడ చెప్పదు, అయ్యో నా ఎముకలు, అబ్బ నా నడుము, అన్నం తిన్నావా అంటూ నానుస్తుంది. రెండు లైన్లు చదివేసరికి నా గొంతులో మా అత్తగారు వచ్చేశారు. అమ్మాయి పుస్తకం కింద పెట్టి నవ్వింది, ‘అమ్మా, నానమ్మ! అచ్చం నానమ్మ! వాట్సాప్‌లో విషయం చెప్పమంటే మోకాళ్ల నొప్పులు చెప్తుంది!’ ఇంకోసారి చదువుదామంది. మూడుసార్లు చదివాం. అర్థాలు చూడాల్సింది నాలుగు మాటలే అయింది.

తర్వాత తనే వెనక్కి వెళ్లి దాది ఉన్న రంగాలన్నీ వెతికింది. మొదటి అంకంలో దాది జూలియట్ వయసు లెక్క చెప్తూ ఏదేదో వాగుతుంది కదా, దాని మధ్యలో ‘సూసనూ, ఈ పిల్లా ఒకే ఈడువాళ్లు. సూసన్ దేవుడి దగ్గరుంది, నాకు దక్కేంత అదృష్టం లేదు’ అన్నట్టు రెండు లైన్లున్నాయి. క్లాసులో అది దాటేశారట. అమ్మాయి అక్కడ ఆగి, ‘సూసన్ ఎవరమ్మా?’ అంది. మళ్లీ చదివి తనే చెప్పింది, దాది కూతురు, చిన్నప్పుడే చనిపోయింది, ఆ పాలే జూలియట్‌కి పట్టింది అని. కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు.

స్కూలు టీచర్‌కి కౌన్సెలర్ సంగతి మెయిల్ పెట్టాను, మర్యాదగా జవాబిచ్చారు, వచ్చే వారం క్లాసుకి పిలుస్తామన్నారు. వర్క్‌షీట్ గురించి కూడా రాశాను, దానికింకా ఏమీ చెప్పలేదు.

బుధవారం వ్యాసం ఇవ్వాలి, అమ్మాయి దాది మీద రాస్తానంటోంది. రూమ్ 214 గారూ, మీరు చెప్పిన మూడో అంకం ఐదో రంగం దగ్గర మా ఇంట్లో రెండు రోజులుగా తెగడం లేదు. ఆ రెండోవాణ్ణి చేసుకో అని దాది చెప్పింది ఆ ఇంట్లో తన చోటు పోతుందన్న భయంతోనే అని అమ్మాయి అంటోంది. ఒక కూతుర్ని పోగొట్టుకున్న మనిషి, రెండోది ఎలాగోలా బతికుంటే చాలనుకుందేమో అని నాకనిపిస్తోంది. మీ క్లాసులో పిల్లలు ఏమంటారు?